గీతకు కుడిప్రక్క



అక్టోబరు నెల ప్రవేశించెనంటే మన కోస్తా సంఘములలో రెండు పనులు మొదలగును. ఒకటి కోత పండుగకు కానుకలు కూర్చుట. రెండవది మాటిమాటికి తూర్పువైపు ఆకాశమును చూచుట. ఈ రెండవ పనిలో నాకు ఆసక్తి కొంచెము ఎక్కువని మా సంఘస్థులందరికి తెలియును. మా యింటి వసారా గోడకు బంగాళాఖాతపు పటమొకటి వ్రేలాడుచుండును. దానినిండ పెన్సిలు చుక్కలు, గీతలు. ప్రక్కనే ఇత్తడి భారమితి. విశాఖపట్టణములో పాత ఓడ సామాను అమ్ము దుకాణములో బేరమాడి దానిని కొంటిని. మా స్త్రీల సమాజమువారు దీనినంతటిని కలిపి “అయ్యగారి గాలి లెక్కలు” అందురు.

ఈ అలవాటు నాకు 1996 నవంబరు 6 రాత్రి అంటుకొనెను. అప్పుడు నేను వేదాంత విద్యార్థిని. సెలవు దొరికి కోనసీమలో మా పినతల్లిగారి యింట నుంటిని. సాయంకాలము మొదలుకొని ఉత్తరపు గాలి కొట్టుచుండెను. చీకటిపడిన తరువాత కొబ్బరిచెట్లు ఒకదానివెంట ఒకటి దక్షిణమునకు ఒరిగి పడుచుండిన చప్పుడు తప్ప మరేదియు వినబడలేదు. అంతలో ఎవరో తలుపు మూసినట్లు గాలి ఆగిపోయెను. మా బాబాయి లాంతరు వెలిగించి, “పోయింది, పశువుల్ని చూసొస్తాను” అని లేచెను. మా యింటిలో తలదాచుకొనిన ముసలి జాలరి యొకడు గుమ్మములో అడ్డము కూర్చుండి, “ఆగండి బాబూ, అది కన్ను. ఇంకా సగం తుఫాను బాకీ ఉందండి” అనెను. కొంతసేపటికి దక్షిణమునుండి గాలి లేచెను. మొదటి గాలికి నిలిచిన చెట్లు రెండవ గాలికి ఉత్తరమునకు పడెను. పశువుల కొట్టము కప్పు ఎగిరిపోయెను.

ఆ రాత్రి తుఫానుకు వెయ్యిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన మరపడవలెన్నో తిరిగి రాలేదు. నేను ఆ సంవత్సరము గ్రీకు వ్యాకరణము కంఠస్థము చేయుచుంటిని. అక్షరము రాని ఆ ముసలివానికి గాలి వ్యాకరణము వచ్చియుండెను. దానిని నేర్చుకొనవలెనను కోరిక అప్పుడు పుట్టి ఇంకను పోలేదు.

పని కష్టమైనది కాదు. సముద్రములో వాయుగుండము పుట్టిన తరువాత వాతావరణ శాఖవారు అది ఏ అక్షాంశము, ఏ రేఖాంశము దగ్గర నున్నదో ప్రకటింతురు. తుఫానైనచో మూడేసి గంటలకు ఒకసారి చెప్పుదురు. ఆ అంకెల చొప్పున పటము మీద చుక్క పెట్టవలెను. మచిలీపట్నము సుమారు 16.2 ఉత్తరము, 81.1 తూర్పు. అక్షాంశములో ఒక డిగ్రీ అనగా 111 కిలోమీటర్లు. రెండు చుక్కలు పడినచో వేగము తెలియును. మూడవ చుక్కతో వంపు తెలియును. మన తుఫానులు సాధారణముగా పడమరకో వాయవ్యమునకో వచ్చుచు, కొన్ని నడుమ ఉత్తరమునకు తిరిగిపోవును. ఆ తిరుగుట ఎక్కడ అన్నదే ప్రాణములతో కూడిన ప్రశ్న.

భారమితి సంగతి మరింత వింతైనది. కొనిన క్రొత్తలో ప్రతి దినము మధ్యాహ్నము ముల్లు దిగుట చూచి ఆశ్చర్యపడితిని. తరువాత చదివి తెలిసికొంటిని: సముద్రమునకు ఆటుపోటులున్నట్లే గాలికిని ఉన్నవి. ఉదయము పది గంటలకు, రాత్రి పది గంటలకు ఒత్తిడి ఎక్కును. తెల్లవారుజామున నాలుగింటికి, సాయంకాలము నాలుగింటికి దిగును. మన దేశములో ఈ ఎక్కుదిగులు సుమారు మూడు మిల్లీబారులు. గనుక ఈ గంటను గడచిన గంటతో పోల్చరాదు. నిన్న ఇదే గంటతో పోల్చవలెను. అట్లు పోల్చినప్పుడు ముల్లు బాగుగా క్రిందికి కనబడినచో సముద్రముమీద ఏదో కదలుచున్నదని అర్థము.

మా యువజనులు ఫోనులో ఉపగ్రహ చిత్రము చూపి, “ఇంకా పెన్సిలేనా అయ్యగారూ?” అని నవ్వుదురు. చిత్రములు మంచివే, నేనును చూతును. అయితే గాలి ముదిరినప్పుడు మొదట కరెంటు పోవును, వెనుక టవరు పోవును. ట్రాన్సిస్టరు, పెన్సిలు మిగులును.

ఈ అభిరుచి గలవారిలో నాకు ప్రీతిపాత్రుడు హెన్రీ పిడింగ్‌టన్ అను ఆంగ్లేయుడు. మొదట ఓడ కెప్టెను. తరువాత కలకత్తాలో స్థిరపడి, తుఫానులలో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఏ గంటకు ఏ ఓడకు ఏ దిక్కు గాలి వీచెనో పటముమీద గుర్తించెను. ‘సైక్లోను’ అను మాటను కల్పించినవాడు ఆయనే. పాము చుట్ట అను భావముగల గ్రీకు మాటనుండి దానిని తీసెను. 1848లో నావికులకొరకు ఒక పుస్తకము వ్రాసి, దానితోకూడ పారదర్శకమైన కొమ్ము బిళ్లలు ఇచ్చెను. వాటిమీద గాలి తిరుగు చక్రము గీయబడియుండెను. పటముమీద బిళ్లను ఉంచినచో ఏ చోట గాలి ఎటునుండి వచ్చునో కనబడును. నేను పాత ఎక్సురే ఫిలిమును కడిగి అటువంటి బిళ్ల చేసికొంటిని.

కలకత్తాకు దక్షిణమున మాట్లా నదిపై క్రొత్త రేవు కట్టుటకు ప్రభుత్వము పూనుకొన్నప్పుడు, అక్కడ ఉప్పెన వచ్చునని 1853లో ఆయన గవర్నరు జనరలు డల్హౌసీకి బహిరంగలేఖ వ్రాసెను. వినలేదు. క్యానింగు రేవు కట్టిరి. పిడింగ్‌టన్ 1858లో చనిపోయెను. 1867లో తుఫాను ఆ రేవును పాడుచేసెను.

ఇక ఈ బిళ్ల నాకు నేర్పిన సంగతి చెప్పవలెను. దీనిని మన పల్లెలలో తగినంతమంది ఎరుగరని నా అభిప్రాయము. మన ప్రాంతములో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. తుఫాను తూర్పునుండి మన తీరము మీదికి వచ్చుచున్నదనుకొనుడి. అది నడచు గీతకు కుడిప్రక్క, అనగా ఉత్తరముననున్న ఊళ్లలో, గాలి సముద్రమునుండి నేలమీదికి కొట్టును. తుఫాను నడక వేగము కూడ ఆ గాలికి తోడగును. ఆ గాలి నీటిని తోసికొని వచ్చును. మన తీరమున సముద్రము లోతు తక్కువ గనుక ఆ నీరు పోవుటకు చోటులేక పైకి లేచును. అదే ఉప్పెన. ఎడమప్రక్క ఊళ్లలో గాలి నేలనుండి సముద్రమువైపునకు వీచును. అక్కడ ఇంటికప్పులు పోవచ్చును, గాని సముద్రము సాధారణముగా ఆ విధముగా లోపలికి రాదు.

1977 నవంబరు 19 సాయంకాలము తుఫాను తీరము దాటినది చీరాల దగ్గర. దివిసీమ మీదుగా గీత పోలేదు. దివిసీమ గీతకు కుడిప్రక్క నుండెను. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు మైళ్లకొద్దీ లోపలికి వచ్చెను. పాలకాయతిప్ప, సొర్లగొంది, నాగాయలంక అను పేర్లు ఆనాడు దేశమంతట వినబడెను. ప్రభుత్వ లెక్కకు దాదాపు పదివేలమంది పోయిరి. దానికి పూర్వము 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నములో సుమారు ముప్పదివేలమంది ఇట్లే మునిగిరి. వారిలో బందరు మిషను బాలికల పాఠశాల పిల్లలును ఉండిరి. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాను పెద్ద తుఫాను కొట్టెను. ఇటువంటి నష్టములు, వాటి వెనుక వచ్చిన అనావృష్టి చూచిన తరువాతనే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను.

రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలలో కూడ ఈ కుడియెడమల లెక్క యున్నది. ఎనిమిదికంటె తొమ్మిది పెద్ద ప్రమాదమని చాలమంది అనుకొందురు. అట్లు కాదు, రెండును మహా ప్రమాదమే. తుఫాను రేవును తన ఎడమప్రక్క నుంచుకొని పోవునని ఎనిమిది చెప్పును. కుడిప్రక్క నుంచుకొని పోవునని తొమ్మిది చెప్పును. రేవుమీదుగాని చాల దగ్గరగాని దాటుననునది పది. పదునొకండు అనగా వార్తలు తెగిపోయినవని.

ఉప్పెన దేవుని కోపమా అని నన్ను అడుగువారు ఉన్నారు. నలువదేండ్లకు పైబడిన సంగతియైనను దివిసీమలో ఇప్పటికిని అడుగుదురు. సిలోయములో గోపురము పడి చచ్చినవారినిగూర్చి ప్రభువు ఏమి చెప్పెనో మీరెరుగుదురు. గీతకు కుడిప్రక్క నుండినవారు ఎడమప్రక్క నుండినవారికంటె పాపులు కారు. పటము ముందు నిలుచున్నప్పుడు ఈ మాట నాకు ప్రసంగవేదికమీదకంటె స్పష్టముగా కనబడును.

అడుగవలసిన ప్రశ్న వేరొకటి. చెప్పినప్పుడు కదలుదుమా? 2013 నవంబరులో లెహర్ అను తుఫాను అండమాను దాటి నేరుగా మనమీదికి రాసాగెను. అతి తీవ్రమైనదని హెచ్చరించిరి. మా తీరపు పల్లెలవారు మూటలు కట్టుకొని ఆశ్రయ భవనములకు చేరిరి. నడిసముద్రములో పైగాలులు దానిని చెదరగొట్టెను, పొడిగాలి లోపలికి చొచ్చెను. 28వ తేదీన మచిలీపట్నము దగ్గర తీరము దాటునప్పటికి అది వట్టి వాయుగుండము. హిందీలో ఆ పేరునకు అల అని అర్థము, గాని అల రాలేదు. జనులు తిట్టుకొనుచు ఇండ్లకు పోయిరి.

పదేండ్ల తరువాత, 2023 డిసెంబరులో, మిచాంగ్ తుఫాను చెన్నపట్టణమును ముంచి తీరము వెంబడి ఉత్తరమునకు ఎక్కుచుండెను. నా చుక్కలు బాపట్ల వైపు పోవుచుండెను. మా యూరు మరల కుడిప్రక్కనే. సంఘములో ఒక యువకుడు, మరపడవ గలవాడు, “లెహరప్పుడూ ఇలాగే చెప్పారు కదండీ అయ్యగారూ! రెండు రాత్రులు బళ్లో కూర్చున్నాం, ఆకు కూడా కదల్లేదు” అనెను. వాని నాయనమ్మ అక్కడే యుండెను. 1977లో ఆమె భర్తను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనెను. ముగ్గురిలో ఒక్కడే మిగిలెను. వాడే ఈ యువకుని తండ్రి. ఆమె, “ఏమీ రాకపోతే ఇంటికొచ్చి తిట్టుకోవచ్చురా. ఆ ఏడు మా వీధిలో తిట్టుకోటానికి కూడా మనుషులు మిగల్లేదు” అని లేచి, తన సంచి తీసికొని ఆశ్రయ భవనమువైపు నడచెను. వాడు వెనుకనే పోయెను.

పౌలు ఎక్కిన ఓడలోను ఇదే తగవు. ఆయన ముందే చెప్పెను. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమానుని మాట వినెను. మెత్తని దక్షిణపు గాలిని చూచి బయలుదేరిరి. వెనుక ఊరకులోను వచ్చెను. (మన బంగాళాఖాతములో తుఫానులకు పేర్లు పెట్టుట 2004లో మొదలైనది, పౌలు ఓడవారు మనకంటె ముందే.) పౌలు ఖైదీ, నావికుడు కాడు. నేనును కాను. గనుక నాకు ఒక నియమము. ఎవరు వచ్చి “అయ్యగారూ, మన మీదికేనా?” అని అడిగినను నా సొంత ఊహ చెప్పను. వాతావరణ శాఖవారు ఏమి ప్రకటించిరో అదే చదివి, గీతకు మన యూరు ఏ ప్రక్కనున్నది, గాలి ఎటునుండి ఎటు తిరుగవచ్చును, ఆ దినము సముద్రపు పోటు ఎన్ని గంటలకు, అని మాత్రము విప్పి చెప్పుదును. ఒక దినము ముందు వేసిన గీత కూడ పదుల కిలోమీటర్లు జరుగవచ్చును. గీత సన్నము, తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు. గీత మా ఊరికి దూరముగా పోవుచున్నదని సంతోషించువారిని చూచినప్పుడు నాకు చీరాల జ్ఞాపకమునకు వచ్చును.

డిసెంబరు 5 మధ్యాహ్నము మిచాంగ్ బాపట్ల దగ్గర దాటెను. సముద్రము మా దిబ్బ దాటలేదు. కోతకు వచ్చిన వరి మాత్రము నీటిలో పడుకొనెను. ఆ యేడు మా కోత పండుగ కానుకలలో మొలకెత్తిన ధాన్యమే ఎక్కువ. భవనమునుండి దిగివచ్చుచు ఆ యువకుడు, “చూశారా, ఈసారీ రాలేదు” అనెను. నాయనమ్మ వానివైపు చూడనుకూడ లేదు.

అయితే మరుసటి వేసవిలో వాడు మా వసారాకు వచ్చి పటము ముందు చాలసేపు నిలిచెను. ఎక్సురే బిళ్ల యొకటి తనకును కోసి యిమ్మని అడిగెను, పడవలో పెట్టుకొనుటకు. కోసి, చక్రము గీచి ఇచ్చితిని. గాలికి ఎదురుగా ముఖము పెట్టి నిలిచినచో తుఫాను కన్ను నీ కుడిచేతి వైపు, కొంచెము వెనుకగా ఉండునని చూపితిని. వాడు వసారాలోనే తూర్పుకు, ఉత్తరమునకు తిరిగి తిరిగి నిలిచి, ప్రతిసారి కుడిచేయి చాచి చూచుకొనెను. తరువాత, “మా నాన్నకి కూడా ఒకటి కావాలండి” అనెను.