మొటిమలు – ఆటలు – నూనెలు



ఆడపిల్ల యున్న యింట నూనెగిన్నెకు గల గౌరవము మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పురిటిబిడ్డ మాడుపై పెట్టు నూనెతో మొదలై పెండ్లినాటి నలుగు వఱకు అది మనలను విడువదు. నూనె లేని తలను చూచినచో ఆ పిల్లకు తల్లి లేదేమో యని మన పెద్దలకు జాలి కలుగును. అట్టి నూనెయే మా చిన్నమ్మాయిని ఆటస్థలమునకు దూరము చేయ నుండెను. ఈ సంగతి చెప్పుకొనుటకు మాకు కొంత సిగ్గుగనే యున్నది. అయినను, మేము చేసిన పొరపాటు మఱియొక తల్లి చేయకుండుగాక యని వ్రాయుచున్నాము.

మా అమ్మాయికి 15 ఏండ్లు. 800 మీటర్ల పరుగుపందెములో పాఠశాలలో మంచి పేరున్నది. మేముండునది సముద్రతీరపు పట్టణము. తెల్లవాఱుజామున 5 గంటలకే ఉక్క పోయుచుండును. ఆ వేళ లేచి పరుగునకు పోవు బిడ్డకు తల్లిగా మేము చేయగల సేవ యేమి? తలకు కొబ్బరినూనె ఓడునట్లు పట్టించి, రెండు జడలు బిగించి అల్లి, అఱచేత మిగిలిన నూనెను ముఖమునకును మెడకును రాచి పంపెడివారము. ఎండకు చర్మము పొడిబాఱకుండుటకు అదియే మందని మా నమ్మకము. పిల్ల నుదుటికి సాగెడు పట్టీ పెట్టుకొని, బిగుతైన నైలాను చొక్కా తొడుగుకొని, గంటన్నర పరుగెత్తి, ఆ చెమటతోనే యింటికి వచ్చి, ఫలాహారము తిని, పాఠములు చూచుకొని, పిమ్మట తీరికగా స్నానము చేసెడిది.

రెండు మాసములు గడచునప్పటికి నుదుటిపై జుట్టు మొదలగు చోట సన్నని పొక్కులు వరుసగా లేచినవి. పిదప కణతల యొద్దను, పట్టీ ఒఱయు చోటను, వీపునను చీముతో కూడిన ఎఱ్ఱని మొటిమలు బయలుదేఱినవి. "వయసు పొక్కులు, అవే పోవును" అని మేము నవ్వితిమి. ఆ నవ్వు పిల్ల మనస్సునకు ఎట్లుండెనో తెలిసికొనలేదు. ఒకనాటి సాయంకాలము పరుగుబూట్లను అటకమీద పెట్టి, "అమ్మా! జిల్లా పోటీలకు నేను పోను. అక్కడ అందఱిని నిలువబెట్టి ఫొటో తీయుదురు. నా మొగము నాకే చూడబుద్ధి కాదు" అని చెప్పి తలుపు వేసికొన్నది. నాలుగేండ్లుగా వానకును చలికిని మానని పరుగును ఈ పొక్కులకు మానుకొనుచున్నదని విన్నప్పుడు మా గుండె జల్లుమనెను.

అప్పుడైనను మాకు వివేకము కలిగెనా? లేదు. కొబ్బరినూనె సరిపడలేదేమో యని ఖరీదైన ఆలివునూనె తెచ్చి రాచితిమి. పొక్కులు హెచ్చినవి. తెలిసినవారి మాటపై, డాక్టరు చీటి లేకయే దుకాణమున ఒక క్రీము కొంటిమి. పది దినములలో ముఖము తేటపడగా మేము పొంగిపోతిమి. క్రీము మానిన వారములోపలనే ముఖమంతయు ఎఱ్ఱబాఱి, పొక్కులు మునుపటికంటె రెట్టింపుగా లేచినవి. అప్పుడుగాని చర్మవైద్యురాలి యొద్దకు పోవలెనని మాకు తోచలేదు.

ఆ డాక్టరుగారు మందు వ్రాయుటకు ముందు మమ్ములను మూడు ప్రశ్నలు అడిగిరి. "ఏ నూనె రాచుచున్నారు? ఏ వేళ రాచుచున్నారు? అది ఒంటిపై ఎంతసేపు ఉండును?" మొదటి రెండింటికి గబగబ జవాబు చెప్పితిమి. మూడవదానికి నోట మాట రాలేదు. నూనె పెట్టిన వేళ మాకు తెలియును గాని, అది చర్మమును విడిచిన వేళ మేము ఎన్నడును తలచినది కాదు.

వారు చెప్పినదియు, పిదప మేము చదివి తెలిసికొన్నదియు కలిపి వ్రాసెదము. మన రోమకూపముల యొద్ద సన్నని గ్రంథులు కలవు. అవి సహజముగనే ఒక జిడ్డును స్రవించును. యుక్తవయస్సున హార్మోనుల ప్రభావముచే ఆ స్రావము హెచ్చును. చర్మపు మృతకణములు దానితో కలిసి రంధ్రమును మూసివేయగా, లోపల సూక్ష్మజీవులు పెరిగి వాపును చీమును కలిగించును. ఇదియే మొటిమ. పిల్ల శుభ్రముగ లేకుండుటచే వచ్చినదని నిందించుట అన్యాయము.

ఆటలాడు పిల్లలకు దీనికి మఱి రెండు కారణములు తోడగును. మొదటిది ఒఱపిడి. బిగుతు చొక్కాలు, తలపట్టీలు, భుజమునకు తగిలించు సంచుల పట్టెలు చెమటతో తడిసిన చర్మమును ఒఱయుచుండగా, ఆ చోటనే మొటిమలు లేచును. అమెరికా వైద్యులగు మిల్స్, క్లిగ్మన్ అనువారు 1975లో దీనిని ప్రత్యేకముగ పేరుపెట్టి వర్ణించిరి. రెండవది తలనూనె. జుట్టునకు రాచు జిడ్డుపదార్థములు నుదుటికి దిగి, జుట్టు అంచు వెంబడి పొక్కులు కలిగించునని 1970లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడెను. మా అమ్మాయి నుదుటిపై వరుస అచ్చముగ అట్లే యుండెను.

అయినచో నూనెలన్నియు శత్రువులా? కావు. నూనెలో నూనెకు భేదము కలదు. మొటిమలు గలవారి చర్మపు జిడ్డులో లినోలియిక్ ఆమ్లము తక్కువపడునని 1986లో అమెరికా పరిశోధకులు వ్రాసిరి. కావున ఆ ఆమ్లము హెచ్చుగ గల పలుచని నూనెలు ఇట్టి చర్మమునకు కొంత అనుకూలములని తలంచుదురు. ఓలియిక్ ఆమ్లము హెచ్చుగ గల నూనెల విషయము వేఱు. 2013లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో ఆలివునూనె చర్మపు పైపొరను బలహీనపఱచెననియు, ప్రొద్దుతిరుగుడు నూనె ఆ పొరను చెడగొట్టలేదనియు తేలెను. మేము ఖరీదు చూచి కొన్న నూనె మా పిల్లకు ఎందుకు పడలేదో అప్పుడు తెలిసినది.

మన యిండ్లలో దొరకు నూనెలను ఈ దృష్టితో చూచెదము. కొబ్బరినూనెలో సుమారు సగము లారిక్ ఆమ్లము. లినోలియిక్ నూటికి రెండు పాళ్లకు అటునిటు. జుట్టునకు అది మంచిదే. మొటిమల ముఖమునకు మాత్రము తగదు. వేరుశనగనూనెలోను, బాదమునూనెలోను ఓలియిక్ పాలు ఎక్కువ. నువ్వులనూనెలో రెండు ఆమ్లములును నూటికి నలుబది పాళ్ల చొప్పున ఇంచుమించు సమానము. దానిని స్నానమునకు ముందు ఒంటికి రాచి కడిగివేయుటకు వాడవచ్చును. సాధారణమగు ప్రొద్దుతిరుగుడు నూనెలో లినోలియిక్ నూటికి అఱువది పాళ్లు, కుసుమనూనెలో డెబ్బదియైదు వఱకు ఉండును. అయితే ఈ రెండు మొక్కలలోను ఓలియిక్ హెచ్చుగ నుండు రకములు నేడు సాగులోనున్నవి. సీసాపై అచ్చువేసినది చదివి కొనవలెను. జొజోబా అనునది నిజమునకు నూనె కాదు, ద్రవరూపమున నుండు మైనము. పలుచగా నుండును, త్వరగా చెడదు. దేనిని కొన్నను సువాసన కలుపనిదియు, కనరువాసన లేనిదియు కావలెను.

టీట్రీ నూనెను గుఱించి తఱచు అడుగుదురు. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది రోగులపై జరిగిన పరీక్షలో నూటికి అయిదు పాళ్లు ఆ నూనె గల జెల్లు, బెంజాయిల్ పెరాక్సైడు రెండును మొటిమలను తగ్గించినవి. జెల్లు పని నెమ్మదిగా జరిగెను. మంట, పొడిబాఱుట మాత్రము తక్కువ. ఇది చదివి సీసాలోని నూనెను ఉన్నదున్నట్లు ముఖమునకు పూసినచో చర్మము కాలినట్లగును. గాలి తగిలి పాతబడిన నూనె దద్దురులను కూడ కలిగించును.

నూనెలకు సున్నమొదలు అయిదు వఱకు మార్కులు వేసిన పట్టికలు మీ కంటబడియే యుండును. అవి చాలవఱకు కుందేలు చెవిపై చేసిన పరీక్షలనుండి పుట్టినవి. ఆ చెవి మన చర్మముకంటె మిక్కిలి సుకుమారము. కనుక ఆ అంకెలే తుదితీర్పు కావు. దవడ క్రింద ఒకేచోట రెండు చుక్కలు రాచి, కొన్ని రాత్రులు చూచి, పొక్కు లేవనిచో పిమ్మట ముఖమునకు వాడుట ఉత్తమము. ఒకే పరిమాణము గల సన్నని పొక్కులు నుదుట, ఱొమ్మున, వీపున గుంపుగా లేచి దురద పెట్టుచున్నచో అవి మొటిమలు కాకపోవచ్చును. చర్మముపై పెరుగు ఒక బూజుజాతి వానికి కారణము. ఆ బూజునకు నూనెలోని కొవ్వే ఆహారము. అట్టివారు నూనెను పూర్తిగ మాని డాక్టరునకు చూపవలెను.

అన్నిటికంటె ముఖ్యమగు మాట డాక్టరుగారు చివరకు చెప్పిరి: "ఏ నూనెయు మొటిమలకు మందు కాదు. మందు వేఱు. మందు వాడునప్పుడు చర్మము పొడిబాఱినచో ఉపశమనమునకే నూనె." వారు రాత్రివేళ రాచుటకు ఒక మందు వ్రాసి, గుణము కనబడుటకు రెండు మూడు మాసములు ఓపిక పట్టవలెననిరి.

మేము వాడిన క్రీములో స్టెరాయిడు కలిసియున్నదట. అట్టి క్రీములను పెక్కింటిని 2018లో ప్రభుత్వమువారు డాక్టరు చీటి లేక అమ్మరాని మందుల పట్టికలో చేర్చిరి. క్రీడాకారిణులకు ఇంకొక ప్రమాదము కూడ కలదు. నార్వే దేశపు స్కీ క్రీడాకారిణి థెరీస్ యోహౌగ్ 2016లో ఎండకు కమిలిన పెదవులకు రాచిన లేపనములో క్లాస్టెబోల్ అను నిషిద్ధ పదార్థముండెను. ఆ కారణమున 18 మాసములు పోటీలకు దూరమై, 2018 ఒలింపిక్సును పోగొట్టుకొన్నది. ఆ లేపనమును ఇచ్చినవాడు ఆమె జట్టు డాక్టరే. కావున పోటీలకు పోవు పిల్ల ఒంటికి ఏది రాచినను అందేమున్నదో చదువుట అమ్మల పని.

ఇంటికి వచ్చి జరిగినదంతయు మా అత్తగారికి చెప్పితిమి. నూనె మానుమన్నచో ఆమె నొచ్చుకొనునని మాకు లోలోపల భయము. ఆమె కొంతసేపు ఆలోచించి, "మా రోజులలో వారమునకొక తలంటు. నూనె నాననిచ్చి, కుంకుడురసముతోను సున్నిపిండితోను జిడ్డు పోవునట్లు రుద్దెడివారము. నూనె ఒంట నిలుపుకొని ఎండబడి పరుగెత్తుమని ఎవరు చెప్పిరే?" అనిరి. ఆ మాటతో మా కన్నులు తెఱచుకొన్నవి. పూర్వము గ్రీకు దేశపు మల్లులు ఒంటికి నూనె పూసికొని ఆడి, ఆట ముగియగనే లోహపు గీకుడుబద్దతో నూనెను, చెమటను, దుమ్మును కలిపి గీచివేసెడివారు. పెట్టుట ఎంత ఆచారమో, తీయుట అంత ఆచారము. మేము మొదటి సగమును మాత్రము పాటించి రెండవదానిని మఱచితిమి.

నాటినుండి మా యింటి పద్ధతి ఇది. పరుగునకు పోవు ఉదయమున తలకు గాని ముఖమునకు గాని నూనె లేదు. ఎండవేళ ఆట యున్నచో రంధ్రములను మూయని పలుచని సన్‌స్క్రీను మాత్రమే. జడలు వదులుగా అల్లుదుము. తలపట్టీని ప్రతిదినమును ఉతుకుదుము. చొక్కా వదులైనది, చెమటను త్వరగా ఆఱనిచ్చునది. పరుగు ముగిసి యింటికి రాగానే మొదట స్నానము, పిమ్మటనే ఫలాహారము. ముఖమును దినమునకు రెండుసారులు, చెమట పట్టినపుడు మఱియొకసారి, మృదువైన సబ్బుతో రుద్దక కడుగుట. రాత్రి మందు రాచిన పిదప పొడిబాఱిన చోట్ల కుసుమనూనె రెండు చుక్కలు. తలంటు ఆదివారమున, పరుగు లేని నాడు. నూనె రాచువారు మా అత్తగారే, తీయువారును వారే.

మొదటి మాసమున ఏమియు మాఱలేదు. పిల్ల అద్దమునొద్ద కన్నీరు పెట్టుకొన్నది; మేము ఈసారి నవ్వలేదు. రెండవ మాసమున నుదుటిపై వరుస అణగెను. మూడవ మాసమునకు క్రొత్త మొటిమలు అరుదైనవి. మచ్చలు కొన్ని ఇంకను కలవు. కాని అంతవఱకు ఆగవలసిన పని లేకపోయెను. మందు మొదలిడిన అయిదవ వారముననే, మొటిమలు ముఖముననుండగనే, అమ్మాయి అటకమీది బూట్లు తానే దించుకొన్నది. జిల్లా పోటీలలో నాలుగవదిగా వచ్చినది. ఫొటోలో రెండవ వరుసలో నిలిచి, తల యెత్తియే యున్నది.

మన చేతిలోని నూనె మన ప్రేమయే, సందేహము లేదు. ఆటలాడు బిడ్డకు దానిని రాచునపుడు ఏది, ఎప్పుడు, ఎంతసేపు అను మూడు ప్రశ్నలు వేసికొనుట కూడ ప్రేమలోని భాగమే గదా! సోదరీమణులు ఆలోచింతురు గాక.