గీత కింద ఖాళీ

అమెరికన్ టీవీ డ్రామా స్క్రిప్టుల్లో నాకు బాగా నచ్చేది ఒక ఖాళీ. సీన్ అయ్యాక పేజీ మధ్యలో, కింద గీత గీసి, ‘ఎండ్ ఆఫ్ యాక్ట్ వన్’ అని ఉంటుంది. ఆ తర్వాత సగం పేజీ మిగిలినా వదిలేస్తారు. ‘యాక్ట్ టూ’ కొత్త పేజీలోనే మొదలవుతుంది.

ఆ తెల్లచోటు ప్రకటనలది. అవి అయ్యేదాకా చానల్ మార్చకుండా ఉండాలంటే, గీతకి ముందు సీన్ ఏదో ఒక ప్రశ్న వదిలి వెళ్లాలి. 2008లో ఏఎమ్‌సీలో వచ్చిన ‘బ్రేకింగ్ బ్యాడ్’ మొదటి ఎపిసోడ్ చూడండి. టీజర్ చివర ప్యాంటు లేకుండా, చేతిలో తుపాకీతో వాల్టర్ రోడ్డు మీద నిలబడి ఉంటాడు. సైరన్లు దగ్గరికొస్తుంటాయి. కట్.

తెర మీద ‘విశ్రాంతి’ పడేముందు ఏం జరగాలో మన సినిమా రచయితలకీ తెలుసు. కాకపోతే వాళ్లకది ఒక్కసారే, వీళ్లకి గంటలో నాలుగైదు సార్లు. అదే మన సినిమా టీవీలో వేస్తే బ్రేక్ ఎక్కడ పడాలో రచయిత చేతిలో ఉండదు.

నేనూ ఒక ఫ్రెండూ రాత్రుళ్లు వెబ్ సిరీస్ ఒకటి రాస్తున్నాం. “ఓటీటీకి ఆ యాక్టులెందుకురా, తీసెయ్” అంటాడు వాడు. హెచ్‌బీఓ డ్రామాలు బ్రేకుల్లేకుండానే నడిచాయి కాబట్టి వాడన్నదాంట్లో న్యాయముంది. అయినా డ్రాఫ్టులో నేను వాటిని ఉంచుతున్నాను. గీత దగ్గర ఆగి అడగొచ్చు: ఇక్కడ లేచెళ్లినవాడు తిరిగి ఎందుకు రావాలి? జవాబు దొరక్కపోతే ఆ సీన్ మళ్లీ రాయాలి. షూటింగ్ కాపీలో కావాలంటే గీతలు చెరిపేద్దాం అన్నాను. ప్రస్తుతానికి ఒప్పుకున్నాడు.