57 శాతం కథ

2005లో హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో అంతర్జాతీయ వార్తలు చూసేవాణ్ణి. ఆ ఏడాది అమెరికాలోని ప్యూ సంస్థ చేసిన సర్వే ఏజెన్సీ వార్తగా వచ్చింది. ఇస్లాంను శత్రువుల నుంచి కాపాడుకోవడానికి పౌరుల మీద ఆత్మాహుతి దాడులు తరచుగానో, కొన్ని సందర్భాల్లోనో సమర్థనీయమేనని జోర్డాన్‌ ముస్లింలలో 57 శాతం మంది చెప్పారట. ఆ ‘కొన్ని సందర్భాల్లో’ను నేను కత్తిరించేశాను. జోర్డాన్‌లో సగానికి పైగా ఉగ్రవాదం వైపేనని శీర్షిక పెట్టాను. అంతటితో ఆగక, లోపం ఆ మతంలోనే ఉందన్న ధోరణిలో ఆదివారం సంచికకు ఒక వ్యాసం రాశాను. చాలామంది మెచ్చుకున్నారు.

కడప నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మాత్రం ఉత్తరం రాశారు. “అయ్యా, ప్రశ్న ఏ మాటల్లో అడిగారో, అంతకుముందు ఎంత శాతం ఉండేదో మీరు రాయలేదు. అవి లేకుండా ఈ 57కి అర్థమేమిటి?” చదివితే ఒళ్లు మండింది. ఆ మాటల్ని తీసేసింది నేనే కదా! జవాబివ్వలేదు. ఇచ్చి ఉంటే, 2002లో అది 43 శాతమేనని, మధ్యలో ఇరాక్ యుద్ధం వచ్చిందని ఒప్పుకోవలసి వచ్చేది.

అదే ఏడాది నవంబర్ 9న అమ్మాన్‌లో మూడు హోటళ్లలో బాంబులు పేలాయి. అరవై మంది దాకా చనిపోయారు. అందులో ఒక హోటల్లో పెళ్లి విందు జరుగుతోంది. దాడి చేయించిన, ఇరాక్‌లోని అల్ ఖైదా నాయకుడు జర్ఖావీ బయటివాడు కాదు, జోర్డాన్‌లోని జర్ఖా పట్టణంవాడే. దాడిని ఖండిస్తూ వేలమంది రోడ్లమీదికి వచ్చారు. అతనితో తమకు సంబంధం లేదని సొంత వంశంవాళ్లే పత్రికల్లో ప్రకటన ఇచ్చుకున్నారు. మరుసటి ఏడాది సర్వేలో 57 కాస్తా 29కి దిగింది. బిన్ లాడెన్ మీద నమ్మకం 60 నుంచి 24కి పడిపోయింది. ప్రజలు వాళ్లే, ఖురాన్ అదే. శత్రువంటే ఎక్కడో ఇరాక్‌లో ఉన్న సైన్యం అనుకున్నప్పుడు చెప్పిన జవాబు, శవాలు తమ ఊళ్లో లేచేసరికి మారింది. అమెరికా మీద కోపం మాత్రం అణుమాత్రం తగ్గలేదు. రాజకీయ ఆగ్రహం, హింసకు ఆమోదం వేర్వేరని అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. జ్వరం చూసిన థర్మామీటర్‌ని జాతకచక్రం అనుకున్నాను.

మరి ఆ 29ని ఎలా వేశాను? లోపలి పేజీలో సింగిల్ కాలమ్.

పాకిస్తాన్‌లో అలాంటి జవాబే 2002లో 33 శాతం, 2009లో 5 శాతం. బజార్లలో, మసీదుల్లో బాంబులు పేలిన ఏళ్లవి.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. వ్యక్తిగత జీవితంలో నీతి తప్పిన నాయకుడు పదవిలో నీతిగా ఉండగలడా అని అమెరికాలో పీఆర్ఆర్ఐ అనే సంస్థ అడిగింది. ఉండగలడన్న తెల్లజాతి ఇవాంజెలికల్ క్రైస్తవులు 2011లో 30 శాతం, ట్రంప్ పోటీ చేసిన 2016లో 72 శాతం. దీని మీదా నేను వ్యాసం రాశాను. పార్టీ విధేయత, సుప్రీంకోర్టు నియామకాలు, అభ్యర్థి ఆకర్షణ అంటూ కారణాలు ఏకరువు పెట్టాను. బైబిల్ ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడం సరైనదే. మరి జోర్డాన్ విషయంలో ఆ ఓపిక ఏమైంది? క్రైస్తవులకు రాజకీయం ఉంటుందని, ముస్లింలకు మతం తప్ప ఏమీ ఉండదని నా కలానికి ఎవరూ నేర్పలేదు. అదే నేర్చుకుంది.

అలాగని ఇప్పుడు అంతా మారిపోయిందని రాస్తే అదీ పాత తప్పే. 2006 నాటి ఆ 29 శాతం కూడా చిన్న సంఖ్య కాదు. ఇంకో యుద్ధం వస్తే పెరగనూవచ్చు.

ఫలానా మతంవాళ్లలో ఇంత శాతం అన్న వార్త మీ పత్రికలో కనిపిస్తే ప్రశ్న ఏమిటో, పాత సంఖ్య ఎంతో ఉన్నాయా చూడండి. లేకపోతే సంపాదకుడికి ఉత్తరం రాయండి, జవాబు రాకపోయినా సరే.