కాగితం మీది మాంసకృత్తులు

"పూర్తిగా శాకాహారంతో పెంచిన కోడి" అన్న రాత ఈమధ్య కొన్ని మాంసం పొట్లాల మీద కనిపిస్తోంది. చదివినప్పుడల్లా నవ్వు వస్తుంది. పెంటకుప్పను కాళ్ళతో కెలికి, పురుగు దొరకగానే పిల్లలను పిలిచే కోడిని చూసినవారెవరికైనా వస్తుంది. అయినా ఆ రాత అబద్ధమనలేము. మొక్కజొన్న, సోయాచెక్కలతో, చేప ఊసే లేకుండా బ్రాయిలర్‌ను పెంచడం నేడు సాధారణమే.

పూర్వం ఇది సాధ్యం కాలేదు. గింజలు, చెక్కలు మాత్రమే తిన్న పిల్లలు సరిగా ఎదిగేవి కావు. కాస్త చేపో మాంసమో కలిపితే తేరుకునేవి. అంతుపట్టని ఆ గుణానికి శాస్త్రజ్ఞులు 'జంతు మాంసకృత్తుల కారకం' అని పేరు పెట్టుకున్నారు. 1948లో బి12 విటమిన్‌ను వేరుచేయడంతో ఆ ముడి చాలావరకు వీడింది. మిగిలిన లోటు మెథియొనైన్ అనే అమైనో ఆమ్లానిది. సోయాలో లైసిన్ పుష్కలం, మెథియొనైన్ కొరత. చేపలో రెండూ ఉంటాయి. కర్మాగారంలో చేసిన మెథియొనైన్ చిటికెడు కలపడం అలవాటయ్యాక చేప లేకున్నా గడుస్తోంది.

1990లలో మా నాన్నగారు కృష్ణాజిల్లాలో చిన్న కోళ్ళఫారం నడిపేవారు. దాణా సొంతంగానే కలిపేవారు: మొక్కజొన్న నూక, తవుడు, వేరుసెనగ చెక్క, ఎండుచేపల పొడి. చెక్కను విరిచి వాసన చూడనిదే బస్తా దించనిచ్చేవారు కారు. ఆ భయం ఉత్తది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుసెనగ చెక్కలోని బూజు విషమని తేలింది. అఫ్లటాక్సిన్ లోకానికి తెలిసింది అలాగే. కంటికి బూజు కనబడకపోయినా ఆ విషం ఉండవచ్చు, అదే చిక్కు.

చేపపొడి అంతకంటే మాయలమారి. ఒక ఏడు ఒక వ్యాపారి పరీక్షా చీటీతో సహా సరుకు తెచ్చాడు. చీటీలో మాంసకృత్తుల అంకె ఘనంగా ఉంది. పదిరోజులు తిరగకుండానే పిల్లలు తెగ నీళ్ళు తాగసాగాయి, కింద పరచిన ఊక తడిసి ముద్దయింది. ఈకలు సరిగా రాలేదు. అమ్మే రోజుకు తూకం రాలేదు. పశువైద్యులు ఆ పొడిని గ్లాసెడు నీళ్ళలో వేసి కలిపితే అడుగున ఇసుక పేరుకుంది. ఉప్పు సరేసరి. తరువాత చేయించిన పరీక్షలో యూరియా కూడా బయటపడింది. కొత్త పిల్లలను కొనే స్తోమత లేక ఆ షెడ్డు రెండు నెలలు ఖాళీగా ఉండిపోయింది. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి అలవాటుగా తలుపు తీసి వచ్చేది.

విచిత్రమేమంటే చీటీ అబద్ధమాడలేదు. మామూలు పరీక్ష మాంసకృత్తులను కొలవదు. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తుంది, అంతే. యూరియాలో 46 శాతం నత్రజనే. నూరు కిలోల పొడిలో కిలో యూరియా కలిపితే కాగితం మీద దాదాపు మూడు కిలోల మాంసకృత్తులు పుట్టుకొస్తాయి. ఇసుక దించిన అంకెను యూరియా ఎత్తిపెడుతుంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను కొంత వాడుకోగలవు. కోడిపిల్లకు ఆ సదుపాయం లేదు.

ఆ తరువాత నాన్నగారు సోయాకు మారారు. అదీ నిశ్చింత కాదు. పచ్చి సోయాలో జీర్ణాన్ని అడ్డే పదార్థం ఉంటుంది, వేడికి పోతుంది. వేడి మితిమీరితే లైసిన్ చెడుతుంది. ధర సంగతి చెప్పనే అక్కరలేదు. 2021లో సోయాచెక్క ధర ఎంత మండిపోయిందంటే, జన్యుమార్పిడి సోయాచెక్కను 12 లక్షల టన్నుల వరకు దిగుమతి చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించవలసి వచ్చింది.

అదే 2021లో ఐరోపా సమాఖ్య కోళ్ళ దాణాలో పురుగుల మాంసకృత్తులకు అనుమతి ఇచ్చింది. ఈ సంగతి చెబితే నాన్నగారు పురుగుల మాట విడిచిపెట్టి, దానిని పరీక్షించేది కూడా నత్రజనితోనేనా అని అడిగారు. నత్రజనితోనే. పైగా పురుగు పైపెంకులోని కైటిన్‌లోనూ నత్రజని ఉంటుంది కనుక, 6.25తో హెచ్చిస్తే వచ్చే అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపుతుంది.