కాయితాలు రాసే పని



మొన్న తెలుగు సారు "పెద్దయ్యాక ఏమవుతారు?" అని వరసగా అడిగారు. డాక్టరు, టీచరు, పోలీసు అని అందరూ చెప్పారు. నేను "ఆఫీసులో కాయితాలు రాసే పని చేస్తాను సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నాకు నోట మాట రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మీరొకటి గమనించారా? మన హాస్టల్లో చాలామందికి జూన్ నెలలోనే పుట్టినరోజు. నాదీ జూన్ 10. అమ్మనడిగితే "కందులు కోసేటప్పుడు పుట్టావు" అంది. జూన్‌లో కందులు ఎవరు కోస్తారు? బడిలో చేర్చిన రోజు నాన్న తారీఖు చెప్పలేకపోతే, రాసేవాళ్ళు ఏదో ఒకటి రాసేశారు. ఇప్పుడు అదే నా పుట్టినరోజు. ఆ రోజు మీరు చాక్లెట్లు అడిగితే నాకు లోపల ఎలాగో ఉంటుంది.

మా చిన్న చెల్లి 2024 ఆగస్టులో ఇంట్లోనే పుట్టింది. వాగు పొంగి దారి తెగిపోయింది, ఆసుపత్రికి పోలేకపోయాము. పుట్టిన 21 రోజుల లోపల రాయించుకుంటే డబ్బులు కట్టక్కరలేదని మాకెవరికీ తెలీదు. తరవాత నాన్న ఒక ఆఫీసుకి రెండుసార్లు పోయాడు. ఒకసారి "పెద్దాయన లేరు" అన్నారు. ఇంకోసారి "నీ పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంది, పో" అన్నారు. రెండు రోజుల కూలి పోయింది. నాన్న ఇంక పోనన్నాడు.

పోయిన దసరా సెలవుల్లో నేనే నాన్నను సచివాలయానికి తీసుకుపోయాను. అక్కడ కంప్యూటరు దగ్గర కొత్తగా ఒక అక్క వచ్చింది. ఆమె కూడా మనలాగే హాస్టల్లో చదివిందట. నాన్న తలుపు దగ్గరే నిలబడిపోతే, "లోపలికి రా బాబాయ్, కూర్చో" అని మా కువి మాటలో పిలిచింది. నాన్న కుర్చీలో కూర్చోడానికి సిగ్గుపడ్డాడు. ఆమె కూర్చునేదాకా ఊరుకోలేదు.

"పాప ఎప్పుడు పుట్టింది?" అంటే నాన్న "నాట్లు అయిపోయాక, వాగు పొంగిన వారంలో" అన్నాడు. ఆ అక్క నవ్వలేదు. "అయితే ఆశా కార్యకర్త పుస్తకంలో ఉంటుంది" అంది. నిజంగానే ఉంది! నీళ్ళు తగ్గాక ఆమె వచ్చి పాపను తూకం వేసి, పుట్టిన రోజు అడిగి రాసుకుందట. ఆగస్టు 21.

అక్క మాకు వివరంగా చెప్పింది. ఏడాది దాటింది కాబట్టి, ఈ పుట్టుక రిజిస్టరులో లేదని పంచాయతీ కార్యదర్శి రాసివ్వాలి. తరవాత మేజిస్ట్రేటు అధికారి ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడే సర్టిఫికెట్ వస్తుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి పుట్టిన తేదీ రుజువు అదే. అది లేకపోతే చెల్లికీ చిక్కే.

అర్జీ నన్నే రాయమంది. రాశాక నాన్న వేలిముద్ర వెయ్యబోతే ఆపింది. "ముందు మీ నాన్నకు చదివి వినిపించు. ఏముందో తెలీకుండా ఎవరూ వేలిముద్ర వెయ్యకూడదు" అంది. నేను కువిలో చెప్తూ చదివాను. తారీఖు దగ్గర నాన్న ఆపాడు. "ఈ వానలకు కాదు, కిందటి వానలకు. పాప నడుస్తోంది కదా" అన్నాడు. చూస్తే నేను 2024కి బదులు 2025 అని రాశాను! చదువు రాని నాన్న నా తప్పు పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. చదివి వినిపించకపోతే చెల్లికి కూడా నాలాగే తనది కాని పుట్టినరోజు వచ్చేది.

అక్క రసీదు ఇచ్చి, దాని మీద నంబరు చూపించి, "ఇది పారేసుకోకు బాబాయ్" అంది. నాన్న దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. సంక్రాంతికి ఇంటికి పోతే సర్టిఫికెట్ వచ్చి ఉంది. నాన్న దాన్ని తలకిందులుగా పట్టుకుని మరీ నాకు చూపించాడు.

ఆ అక్క కలెక్టరు కాదు. ఆమె సంతకంతో ఏదీ మంజూరవ్వదు. కానీ మనవాళ్ళు ఆఫీసుకి పోతే మొదట కనిపించే మనిషి ఆమే. ఆ మనిషి "పో" అంటే మనవాళ్ళు మళ్ళీ రారు. "కూర్చో" అంటే పని అవుతుంది. నేను ఆ కుర్చీలో కూర్చుని "కూర్చో" అనాలి. అందుకే సార్, నేను ఆ పనే చేస్తాను.

మీలో ఎవరి ఇంట్లోనైనా అర్జీ రాయాల్సి ఉంటే ఆదివారం నా దగ్గరకి రండి. రాసిపెడతాను. కానీ మీ అమ్మానాన్నలకు చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని