జహీరాబాదు సత్యం పంటలు

హైదరాబాదునుండి ముంబయి పోవు రాజమార్గమున పడమరగా సుమారు 100 కిలోమీటర్లు పోయినచో జహీరాబాదు చేరుదుము. ఇది సంగారెడ్డి జిల్లాలోనిది. కర్ణాటకపు పొలిమేరకు సమీపము. కృష్ణా గోదావరుల కాలువలను, పచ్చని వరిమళ్లను చూచి యలవాటుపడిన కన్నులకు ఈ సీమ మొదట బీదగా తోచును. ఒకచో నెఱ్ఱనేల, మరియొకచో నల్లరేగడి. పెక్కు పొలములకు వాననీరే దిక్కు.

సంక్రాంతి వెళ్లిన పిదప మేమచ్చటి పల్లెలను చూడబోయితిమి. బాటనుండి చూడగా నంతయు జొన్నచేనే యనిపించినది. చేనిలో దిగి చూడగా జొన్నసాళ్ల నడుమ కాయపట్టిన శనగ, అక్కడక్కడ అవిసె, ధనియములు, పశువులు చొరకుండ గట్టువెంబడి ముండ్లుగల కుసుమ కానవచ్చినవి. నీరు కట్టక, కొనితెచ్చిన యెరువు వేయక, నేలలోని చెమ్మను, రాత్రి కురియు మంచును నమ్ముకొని పండుటచే వీనిని ‘సత్యం పంట’లని యిచ్చటి స్త్రీలు పిలుతురు. ఒక పైరు తప్పినను మరియొకటి యింటికి వచ్చును. శనగవేళ్లు నేలకు సత్తువ నిచ్చును. జొన్నచొప్ప పశువులకు మేత యగును. విత్తకయే మొలచు తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలికూరలను కోసి వండుకొందురు. కలుపుమందు చల్లిన చేలలో నివి బ్రతుకవు.

ఈ సంపద యొకప్పుడు చేజారబోయినది. 1983వ సంవత్సరమున రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చు పథకము వచ్చినది. దానివలన బీదల కడుపు నిండినది, అందుకు వంకపెట్టరాదు. కాని జొన్నరొట్టె తినువారు తగ్గిరి. తినువారు తగ్గగా విత్తువారును తగ్గిరి. శ్రీనాథుని పేర జెప్పు చాటువులు సైతము పలనాటి జొన్నకూటిని పరిహసించినవే గదా! తెల్లని యన్నమే గౌరవమను భావము మనలో నెంత లోతుగా నాటుకొన్నదో దీనినిబట్టి తెలియును.

ఆ 1983లోనే జహీరాబాదు చెంతనున్న పస్తాపూరున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ పని మొదలిడెను. ఊరూర బీద స్త్రీలు, వారిలో పెక్కుమంది దళితులు, సంఘములుగా గూడి బీడుపడిన చేలను మరల సాగుచేసిరి. ఊరిలో పండిన గింజను ఊరనే నిలువజేసి, లేనివారికి చౌకగా నిచ్చు ఏర్పాటును గావించుకొనిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి శాఖ యొసగు ఈక్వేటర్ బహుమానము వీరి సంస్థకు లభించినది. ఏటేట సంక్రాంతినాళ్లలో విత్తనములను ఎడ్లబండ్లపై నుంచి, పాటలు పాడుచు ఊరూర త్రిప్పు ‘పాత పంటల జాతర’యు వీరిదే.

ఒక యింట విత్తనపు బుట్టలను చూచితిమి. మన్ను, పేడ మెత్తిన బుట్టలలో బూడిద, వేపాకు కలిపి గింజలను దాచిరి. కొఱ్ఱ, సామ, సజ్జ, కంది, పెసర, ఒక్క జొన్నలోనే యెన్నియో రకములు! విత్తనము కావలసినవారు అడిగి తీసికొని, పంట వచ్చినపిదప కొంత కలిపి తిరిగి యిత్తురు. “ఇన్ని రకములు ఏటేట ఎందులకమ్మా?” యని యడుగగా నా యింటి పెద్దామె, “తినెటోళ్లుంటెనే విత్తుతమమ్మా. తినెటోళ్లు లేకుంటె విత్తనం ఎవ్వరికోసం దాసాలె?” యనినది.

ఈ మాట మన వంటయిండ్లకు తగులవలసిన మాట. విత్తనము బుట్టలో నెల్లకాలము బ్రతుకదు. విత్తనిచో కొన్నియేండ్లకు మొలకెత్తు శక్తి నశించును. మన పొయ్యిమీదికి రాని ధాన్యము పొలమున నిలువదు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. నాటి సభలకన్న, ఇల్లాలు వారమునకు రెండుపూటలు సమీపపు చేల గింజను వండుట రైతునకు మేలు. జొన్నపిండిలో జిగురు లేదు గనుక మరుగునీటితో తడిపి పిసికినయెడల రొట్టె విరుగదు. కొఱ్ఱలను వండుటకు ముందు కొన్ని గంటలు నానబెట్టవలెను.

ఏ సీమ గృహిణి యా సీమ పంటను అడుగవలెను. నడుమ చేతులు పెరిగినకొలది రైతునకు చేరునది తగ్గును. 1999లో మొదలైన రైతు బజారులు ఆ నడిమి చేతులను తగ్గించుటకే పుట్టినవి. అచ్చటికి పోయినప్పుడు వెలతోబాటు “ఇది ఏయూరి చేనిది?” యని కూడ నడుగుడు. మీరడుగుచున్నారని తెలిసినచో విత్తువారికి ధైర్యము గలుగును.