పచ్చికలో మొలిచిన కొమ్ము

ఫారిన్ నుంచి వచ్చే మరిదిగారో, తోడికోడలి అన్నగారో తెచ్చిచ్చే టోబ్లరోన్ చాక్లెట్ గుర్తుందా? దాని పెట్టె మీద మెడ కాస్త పక్కకు వంచి, ఒంటరిగా నిలబడ్డ కొండ ఉండేది. అదే మాటర్‌హార్న్. తయారీ కొంత స్లొవేకియాకు మార్చడంతో 2023లో ఆ బొమ్మ తీసేశారు. కొండ మాత్రం స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో 4,478 మీటర్ల ఎత్తున అలాగే ఉంది లెండి!

జర్మన్‌లో 'మాటె' అంటే పచ్చికబయలు, 'హార్న్' అంటే కొమ్ము. కిందనున్న జెర్మాట్ ఊరి పేరులోనూ ఆ పచ్చికే ఉంది. అవతలివైపు ఇటలీ వాళ్లకేమో ఇది 'చెర్వీనో'. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు అన్నమాట.

ఎక్కడం అంత తేలిక కాదు. 3,260 మీటర్ల దగ్గరున్న హార్న్‌లి బసలో రాత్రి పడుకుని, తెల్లవారకముందే తలకు దీపాలు కట్టుకుని బయల్దేరాలి. శిఖరం అక్కణ్ణుంచి ఇంకా 1,200 మీటర్లు పైన. చాలాచోట్ల రాయి పట్టుకుంటే ఊడొస్తుంది. ఆలస్యమైతే మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు. దిగడానికీ ఇంచుమించు ఎక్కినంత సేపు పడుతుంది. ఇప్పటిదాకా అయిదువందల మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మొదటిసారి ఎక్కినరోజే ఘోరం జరిగింది. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే పాతికేళ్ల ఇంగ్లీషు కుర్రాడు, మరో ఆరుగురు శిఖరం చేరారు. దిగేటప్పుడు, అనుభవం లేని హాడో కాలుజారి గైడు క్రో మీద పడ్డాడు. అందరూ ఒకే తాటికి కట్టుకున్నారు కదా, ఆ బరువు హడ్సన్‌నూ, డగ్లస్‌నూ లాగేసింది. డగ్లస్‌కూ పెద్ద గైడు టౌగ్‌వాల్డర్‌కూ మధ్య తాడు పుటుక్కున తెగింది. నలుగురూ పోయారు. పద్దెనిమిదేళ్ల డగ్లస్ శవం నేటికీ దొరకలేదు. టౌగ్‌వాల్డరే తాడు కోశాడని లోకులు ఆడిపోసుకున్నారు. విచారణలో ఆయన తప్పు లేదని తేలినా నోళ్లు మూతపడలేదు, పాపం. తెచ్చిన తాళ్లలో బలం తక్కువదే అక్కడ కట్టారు మరి! ఆ తెగిన ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉంది.

ఆరేళ్లకు, 1871లో, లూసీ వాకర్ ఈ శిఖరమెక్కిన మొదటి మహిళ అయింది. అదీ పొడుగు గౌనుతో! కొండల మీద ఆవిడ తిండి స్పాంజి కేకు, షాంపేన్ అని చెప్పుకుంటారు. అదే ఆశతో వచ్చిన మెటా బ్రెవూర్ట్ అనే ఆవిడకు ఆ వార్త చెవిన పడింది. ఆవిడ ఊరుకుందా? ఆ ఏడాదే స్విస్ వైపు ఎక్కి ఇటలీ వైపు దిగింది.

మనకంత సాహసమెందుకంటారా? జెర్మాట్ నుంచి గోర్నర్‌గ్రాట్‌కు 1898 నుంచీ రైలుంది. చీర మీద స్వెట్టరు వేసుకుని, కిటికీ పక్కన కూర్చుని చూడొచ్చు.